గ్రంథాలయాలకు గొంతుకైన గాడిచర్ల

మన కర్నూలు గడ్డ మీద పుట్టిన మహనీయుల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఒకరు. ఆయన 1883 సెప్టెంబరు 14న జన్మించారు. మద్రాసులో ఎం.ఎ. చదివి, రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరారు. 1907లో వందేమాతరం ఉద్యమంలో తోటి విద్యార్థులకు నాయకత్వం వహించినందుకు అక్కడి నుంచి వెళ్లగొట్టారు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి మూడేళ్ల జైలుశిక్ష పడింది. అయినా ఆయన వెనుదిరగలేదు.

ఆ రోజుల్లో ఊళ్లలో యువకులు చందాలు వేసుకొని గ్రంథాలయాలు పెట్టేవారు. చందాలు ఆగితే తలుపులు మూతపడేవి. ఒక్క ఊరి గ్రంథాలయం ఒంటరిగా సర్కారును అడిగితే వినే నాథుడు లేడు. అందుకే 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ కూడా జరిగింది. మనం ఏటా ఆ తేదీ నుంచే గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకుంటున్నాం.

గాడిచర్ల గారు ఏళ్ల తరబడి ఈ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. సంఘం ఒకవైపు శిక్షణ తరగతులు, పత్రిక, మహాసభలతో ఊరి గ్రంథాలయాలకు అండగా నిలిచింది. మరోవైపు వాటన్నిటి తరఫున ప్రభుత్వాన్ని చట్టం అడిగింది. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయాలని అది నిర్ణయించింది. దానితో చందాలపై బతికిన గ్రంథాలయానికి హక్కుగా డబ్బు వచ్చే దారి ఏర్పడింది.

1960 ఫిబ్రవరి 29న గాడిచర్ల గారు కన్నుమూశారు. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇప్పుడు మన రాష్ట్రంలో ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. స్థానిక సంస్థలు దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల అవి బకాయి పడుతున్నాయి. ఆ బకాయి భారం చివరికి పడేది మాలాంటి వాళ్ల మీదే. పుస్తకాలు కొనే స్తోమత లేని మాకు దినపత్రికైనా, పోటీ పరీక్షల పుస్తకమైనా శాఖా గ్రంథాలయంలోనే దొరకాలి.

మిత్రులారా! సెలవులకు కర్నూలు, కడప జిల్లాల్లోని మన ఊళ్లకు వెళ్లినప్పుడు ఇంటిపన్ను రసీదు ఒకసారి చూద్దాం. కట్టిన గ్రంథాలయ పన్ను ఎక్కడికి వెళ్లిందో గ్రామసభలో అడుగుదాం. ఒక్కరుగా కాదు, నలుగురం కలిసి అడుగుదాం. గాడిచర్ల గారి జీవితం నుంచి మేము నేర్చుకున్న పాఠం ఇదే.