విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

మన కాలేజీలో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేం లేరు. ఇంటి ముందు కారు పెట్టుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఇంజిన్ ట్యూన్ చేసే వీడియోలు చూడనివాడు హాస్టల్లో దొరకడు. వాటిలో మాటిమాటికీ వినిపించేది ఫ్యూయల్ ట్రిమ్. దాని గురించి చదువుతూ చదువుతూ నేను ఒక మనిషి దగ్గర ఆగిపోయాను. ఆయన గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరికీ తెలిసిన పేరు జి.డి. నాయుడు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఊరు తమిళనాడులోదే కానీ ఇంట్లో మాట తెలుగు. ఎప్పుడో తరాల కిందట అటు వెళ్ళి స్థిరపడిన మనవాళ్ళ కుటుంబం. చిన్నప్పుడే తల్లి పోయింది. బడి అంటే అస్సలు పడేది కాదు, చదువు ప్రైమరీ తరగతులతోనే ఆగిపోయింది.

కుర్రతనంలో ఒకసారి ఒక ఇంగ్లీషు అధికారి మోటార్‌సైకిల్ మీద రావడం చూశారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది! ఇక ఆ బండి కావాల్సిందే. చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వర్‌గా చేరి, రూపాయి రూపాయి కూడబెట్టి, చివరికి ఆ రడ్జ్ మోటార్‌సైకిల్‌నే కొన్నారు. కొని ఊరంతా తిరిగారా అంటే, లేదు. మొత్తం విప్పేసి, మళ్ళీ బిగించారు. ఆయన ఇంజినీరింగ్ చదువు అదే.

ఇక్కడే నాకు ఫ్యూయల్ ట్రిమ్ సరిగ్గా అర్థమైంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోలుకి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఆ కాలపు బైకుల్లో పెట్రోలుకి ఒక లివర్, గాలికి ఇంకో లివర్ హ్యాండిల్ మీదే ఉండేవి. ఇంజిన్ చప్పుడు వింటూ నడిపేవాడే రెండూ సర్దుకోవాలి. అంటే ఫ్యూయల్ ట్రిమ్ చేసేది మనిషే. ఇప్పుడు ఆ పని ఈసీయూ చేస్తుంది. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పేది విని క్షణక్షణం పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. అది షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే సవరణ రోజూ అవసరమవుతుంటే గుర్తు పెట్టుకుంటుంది. అది లాంగ్ టర్మ్ ట్రిమ్. మనం కోడ్‌లో రాసే ఫీడ్‌బ్యాక్ లూప్ లాంటిదే.

స్కానర్‌లో ప్లస్ 15 శాతం కనిపించిందనుకోండి. పెట్రోలు చాలట్లేదని ఈసీయూ అంత ఎక్కువ పోస్తోందని అర్థం. ఎందుకు చాలట్లేదో మాత్రం ఆ అంకె చెప్పదు. ఐడిల్‌లో ఎక్కువుండి, రేజ్ చేస్తే తగ్గితే ఎక్కడో గాలి లీకవుతోందేమో చూడాలి. లోడ్ పడేకొద్దీ పెరుగుతుంటే పంపు, ఫిల్టర్ చూడాలి. ఇవేవీ చూడకుండా లాప్‌టాప్‌లో టేబుల్ మార్చేసి ట్రిమ్‌ని సున్నాకి తెస్తే, లీకు అలాగే ఉంటుంది, అంకె ఒక్కటే బాగుపడుతుంది. పైగా ఫుల్ థ్రాటిల్‌లో చాలా కార్లు సెన్సర్ మాట వినడం మానేసి టేబుల్‌నే నమ్ముతాయి. అక్కడ పెట్రోలు తక్కువైతే పిస్టన్‌కే ఎసరు.

మా గణపవరం చుట్టూ, ఇటు కొల్లేరు దాకా, చేపల చెరువుల మీద డీజిల్ ఇంజిన్లు ఆడుతూనే ఉంటాయి. వాటిని బాగుచేసే మెకానిక్ బాబాయిల దగ్గర స్కానర్ ఉండదు. పొగ రంగు చూస్తారు, చప్పుడు వింటారు, ఆ తర్వాతే స్పానర్ పడతారు. నాయుడు గారిదీ అదే దారి అనిపిస్తుంది నాకు.

ఆయన 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య సర్వీసు మొదలెట్టారు. డ్రైవర్ కూడా తనే. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1930ల్లో ఆ బస్సులు 200 దాటాయి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు బయటికి తెచ్చారు. బ్యాటరీతో నడిచే రసాంత్ షేవింగ్ రేజర్, పళ్ళరసం తీసే మిషను, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా చేతికి ఏది దొరికితే అది చేశారు. 1952లో 2,000 రూపాయల్లో అయ్యే రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

మనకి బాగా తగిలే సంగతి ఇంకొకటి ఉంది. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాసంస్థ పెట్టించింది ఆయనే. అదే ఈనాటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ఇంజినీరింగ్‌కి నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలని ఆయన వాదన. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేసి వచ్చేశారు.

ఈ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను. రెండేళ్ళలో అల్గారిదమ్సూ, ఆపరేటింగ్ సిస్టమ్సూ ఒంటబట్టవు. కానీ ఆయన అడిగింది సంవత్సరాల లెక్క ఒక్కటే కాదనుకుంటాను. ఆ సంవత్సరాల్లో నీ చేత్తో ఏం విప్పావు అని కూడా. మన ల్యాబ్ రికార్డుల్లో ప్రతి రీడింగూ సరిగ్గా వస్తుంది, ఎందుకంటే సీనియర్ల రికార్డులోనూ అదే ఉంది. లీకు వదిలేసి ట్రిమ్‌ని సున్నా చేయడమంటే ఇదే కదా.

జి.డి. నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరుతో మ్యూజియం ఉంది. పాత కార్ల మ్యూజియం కూడా పక్కనే. ఈసారి ఇండస్ట్రియల్ విజిట్‌కి ఎక్కడికి అని క్లాసులో అడిగితే, నా ఓటు అక్కడికే.