మోకాళ్ళ మీద ఏడున్నర గంటలు

సింగపూర్‌లోని ధోబీ ఘాట్ స్టేషన్‌లో దిగి ఆర్చర్డ్ రోడ్డు వైపు మీరు ఎన్నోసార్లు నడిచి ఉంటారు. అక్కడ వై.ఎం.సి.ఎ. భవనం ఉన్న స్థలంలోనే యుద్ధకాలంలో జపాను సైనిక పోలీసులైన కెంపేతాయి తమ కార్యాలయం పెట్టుకున్నారు. 1943 అక్టోబరులో బిషప్ లియొనార్డ్ విల్సన్ గారిని అక్కడికే తీసుకొనివెళ్ళారు.

విల్సన్ గారు 1897లో ఇంగ్లండులో జన్మించారు. 1941లో సింగపూర్ బిషప్ అయ్యారు. కొద్ది నెలలకే, 1942 ఫిబ్రవరి 15న, నగరం జపాను వశమైంది. ఒగావా అనే జపాను అధికారి క్రైస్తవుడు కావడం వలన బిషప్ గారికి సుమారు ఒక సంవత్సరం బయట సేవచేసే అవకాశం దొరికింది. శత్రుసైన్యంలో కూడా ప్రభువుకు తనవాడు ఒకడున్నాడు, చూడండి! 1943 మార్చిలో ఆయనను చాంగీ జైలులో ఉంచారు. ఆ సెప్టెంబరులో రేవులో ఓడలు పేలిపోతే, అనుమానం ఏ సంబంధమూ లేని ఆ ఖైదీల మీద పడింది.

ఆ రోజుల్లో వీధిలో కాపలా సిపాయి కనబడితే ప్రతివాడూ నడుము వంచాలి. మరచిపోతే చెంపదెబ్బ. మన బైబిలులో ఆరాధనకు వాడిన హెబ్రీ మాటకు అర్థం కూడా వంగడమే, సాగిలపడడమే. అబ్రాహాము హేతు కుమారుల యెదుట సాగిలపడినప్పుడు కూడా అదే మాట. అయితే అది ఆరాధన కాదు, మర్యాద. మరి భయంతో వంగిన నడుమును ఏమనాలి?

బిషప్ గారిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మోకాళ్ళ వెనుక మూడంచుల కడ్డీ పెట్టారు. చేతులు వెనక్కి విరిచి కట్టారు. తల బలవంతంగా కిందికి వంచారు. అలా ఏడున్నర గంటలు. మరునాడు బల్లకు కట్టి, వంతులవారీగా కొట్టారు. దెబ్బలు 200 దాటాయి. చూసేవారికి అది మోకరింపే, వంచిన తలే. కానీ ఆ వంగడం కొట్టేవారిది, ఆయనది కాదు. ఆయన మనస్సు వేరొకరి పాదాల దగ్గర వంగి ఉంది.

దీన్ని తేలికగా తీసుకోకండి. వారిని క్షమించమని గొణిగినప్పుడు, నిజంగా మనస్సుతోనే అంటున్నానా అని తనకే సందేహం కలిగిందని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. క్రూరమైన ఆ ముఖాలను చూస్తూ, వీరు కూడా ఒకప్పుడు తల్లిదండ్రుల ప్రేమలో, అన్నదమ్ములతో ఆడుకున్న పసిపిల్లలే కదా అని ఊహించుకున్నారట. పసిపిల్లలను ద్వేషించడం కష్టం. అంతటితో ఆగకుండా, క్రీస్తు మార్చగలిగితే వీరు ఎలా ఉంటారో కూడా చూశారు. అప్పుడు క్షమించమని అడగడమే సరియని ఆయనకు తెలిసింది. చెరలోనే బియ్యపు మెతుకులతో ప్రభురాత్రి భోజన సంస్కారం జరిపించారు; ఒక చైనీయ ఖైదీకి బాప్తిస్మమిచ్చారు.

1944లో ఆయనను ఆ గదుల నుండి విడిచి, తిరిగి ఖైదీల శిబిరానికి పంపారు. తరువాత ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ బిషప్‌గా 1969 వరకు సేవచేసి, 1970లో ప్రభువు నందు నిద్రించారు.

కానీ సింగపూర్ విడువకముందే ఒకటి జరిగింది. ఆయనను హింసించినవారిలో ఒకడు యుద్ధం తరువాత క్రీస్తును నమ్మి బాప్తిస్మం పొందాడు. కన్ఫర్మేషన్ కోసం బిషప్ గారి దగ్గరికే వచ్చాడు. ఆంగ్లికన్ సంఘాలలో ఈ ఆచారం ఎలా జరుగుతుందో మీలో కొందరికి తెలుసు: వచ్చినవాడు మోకరిస్తాడు, బిషప్ అతని తలమీద చేతులుంచి ప్రార్థిస్తాడు. ఈసారి ఎవరూ ఎవరి మెడా వంచలేదు. ఒకప్పుడు వెనక్కి విరిచి కట్టిన ఆ చేతులనే విల్సన్ గారు అతని తలమీద ఉంచారు.