ప్రథమ మహిళా న్యాయవాది కార్నీలియా సొరాబ్జీ

బొంబాయి రాజధానిలోని నాసిక పట్టణమున 1866వ సంవత్సరము నవంబరు 15వ తేదీన కార్నీలియా సొరాబ్జీ జన్మించెను. తండ్రి పార్సీ వంశమున బుట్టి క్రైస్తవమును స్వీకరించిన మతబోధకుడు. తల్లి ఫ్రాన్సీనా పూనాలో పాఠశాలలు నెలకొల్పి నడపిన విదుషి.

బాల్యమున తన యింట జరిగిన సంగతి యొకటి ఆమె స్వీయచరిత్రమున చెప్పుకొన్నది. ఆస్తిపరురాలగు నొక వితంతువు ఫ్రాన్సీనా యొద్దకు వచ్చి గోడు వెళ్లబోసికొనెనట. నమ్మిన కార్యకర్తయే వ్రాతలేని కాగితముపై ఆమెచే చేవ్రాలు చేయించుకొని, ఆస్తి నంతయు కాజేసెను. దస్తావేజుల వ్యవహార మెఱిగినవారి కిది వింత గాదు. ఘోషాలోని స్త్రీ పరపురుషుని యెదుటికి రాదు. నాటి న్యాయవాదులందఱును పురుషులే. కాగితము వ్రాసినవాడే దానిని చదివి వినిపించువాడును అయినచో ఆమెకు దిక్కెవరు? న్యాయశాస్త్రము చదివినచో ఇట్టివారికి అండగా నిలువవచ్చునని తల్లి కుమార్తెకు బోధించెను.

పూనా దక్కను కళాశాలలో పురుష విద్యార్థుల నడుమ చదివి, బొంబాయి విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలైన తొలి స్త్రీ యయ్యెను. ఆ పరీక్షలో ఆమె పొందిన స్థానమునకు ఇంగ్లండులో చదువుటకై ప్రభుత్వ విద్యార్థివేతనము లభింపవలసియుండెను. స్త్రీ యగుటచే దాని నీయలేదు. కొంతకాలము అహమ్మదాబాదు గుజరాతు కళాశాలలో మగపిల్లలకు పాఠములు చెప్పి, పిమ్మట లేడీ హాబ్‌హౌస్, ఫ్లారెన్సు నైటింగేలు మున్నగువారు కూర్చిన చందాలతో 1889లో ఆక్స్‌ఫర్డు చేరెను. 1892లో విశ్వవిద్యాలయము ప్రత్యేకముగా అనుమతింపగా బి.సి.యల్. పరీక్ష వ్రాసి నెగ్గెను. పట్టము మాత్రము ముప్పదియేండ్లకు, 1922లో గాని చేతికి రాలేదు!

స్వదేశమునకు మరలివచ్చినను న్యాయస్థానపు తలుపులు తెఱచుకొనలేదు. 1897లో బొంబాయి యల్.యల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు వకీలు పరీక్ష ప్యాసయ్యెను. అయినను సన్నదు లభింపలేదు. పరీక్షలకు అడ్డురాని స్త్రీత్వము పట్టికలో పేరు చేర్చుటకు అడ్డువచ్చుట యేమి న్యాయమో ఆ న్యాయమూర్తులకే తెలియవలెను. కాఠియవాడ, ఇందూరు సంస్థానములలో ఘోషా స్త్రీల పక్షమున వినతులు దాఖలు చేయుటకు మాత్రము సెలవు దొరకెను.

అంతట ఆమె, అంతఃపుర స్త్రీల కొఱకు ప్రభుత్వమే యొక మహిళా న్యాయసలహాదారును నియమింపవలెనని 1902 నుండియు ఇండియా ఆఫీసునకు విన్నవించెను. 1904లో బెంగాలు కోర్టు ఆఫ్ వార్డ్సునందు ఉద్యోగ మిచ్చిరి. మైనరు జమీందారుల యెస్టేటులను సర్కారు చూచుకొను ఈ యేర్పాటు ఆనాడు చెన్నరాజధానిలోని మన జిల్లాలకును పరిచితమై యుండెను. బెంగాలు, బీహారు, ఒరిస్సా, అస్సాము ప్రాంతములయందు రైలుపైని, పడవపైని, పల్లకిలోను పయనించి ఆమె అంతఃపురములు జొచ్చెను. దత్తత తగవులు, నిలిచిపోయిన మనోవర్తులు, సవతుల పోరు, మైనరుల సంరక్షణ, వారి విద్య — ఇవియే ఆమె నిత్యవ్యవహారము. ఘోషా స్త్రీ వ్రాసియిచ్చిన పత్రమును ఆమె గ్రహించియే వ్రాసినదని ఋజువు చేయు భారము దానివలన లాభము పొందువానిదే యని ప్రీవీ కౌన్సిలు నిర్ణయించియుండెను. కాని ఆ రక్షణ యున్నదని గోడల లోపలి యిల్లాలికి చెప్పువారెవరు? ఆ పని ఈమె చేసెను. ఇరువదియేండ్లలో ఆఱువందలకు పైబడిన స్త్రీలకును అనాథ బాలకులకును తోడ్పడెనందురు.

ఈలోపల 1916లో రెజీనా గుహ యను పట్టభద్రురాలి దరఖాస్తును కలకత్తా హైకోర్టు త్రోసివేసెను. 1921లో అలహాబాదు హైకోర్టు సొరాబ్జీని వకీలుగా చేర్చుకొనెను. 1923లో స్త్రీలకు అడ్డు తొలగించు శాసనము వచ్చినది. మఱుసటియేట ఆమె కలకత్తాలో బారిష్టరుగా వృత్తి నారంభించెను. వయసు అప్పటికే ఏబదియేడు దాటెను. అచ్చటను న్యాయాధిపతుల విముఖతచే వాదించుటకంటె అభిప్రాయపత్రములు వ్రాయుటయే యెక్కువయయ్యెను.

ఆంగ్ల ప్రభుత్వమున ఆమెకు విశ్వాసము మెండు. గాంధీమహాత్ముని యుద్యమమును ఆమె మెచ్చలేదు. అందుచే స్వదేశీయుల యాదరమును కొంత కోల్పోయెను. ఇది ఒప్పుకొనవలసిన లోపమే గాని, ఆఱువందలమంది వ్యాజ్యములను అది కొట్టివేయజాలదు. 1929లో వృత్తి విరమించి లండను చేరి, అచ్చటనే 1954వ సంవత్సరము జూలై 6వ తేదీన దివంగతురాలయ్యెను.