అనుమతియు హక్కును

పట్టాభూమికిని, పరుల దయచే దున్నుకొను భూమికిని గల భేదమును మా పాఠకులకు వేరుగ వివరింప నక్కరలేదు. రెండింటను పంట పండును. కాని రెండవదానిని స్వంతదారు వలదన్ననాడు విడువవలసినదే. పౌరస్వాతంత్ర్యమునందును ఇట్టి భేదమే కలదు. అధికారి యిష్టముచే లభించునది అనుగ్రహము; శాసనముచే రక్షింపబడునది హక్కు. ఈ భేదమును హైదరాబాదు సంస్థానపు తెలుగువారికి బోధించిన పెద్దలలో కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారు అగ్రగణ్యులు.

వారు 1896లో నేటి గద్వాల ప్రాంతమున జన్మించిరి. న్యాయశాస్త్రము నభ్యసించిరి. 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రికను స్థాపించి, వారమునకు రెండుమారులు వెలువరించుచు, తెలుగు చదువుటకే తావు కరవైన రాజ్యమున ప్రజల కష్టసుఖములను ప్రకటించిరి.

ఆ కాలమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అమలులో నుండెను. దాని ననుసరించి బహిరంగసభ జరుపుటకు ముందుగా సర్కారువారి యనుమతి పొందవలెను. నారాయణరావుపేట వంటి పల్లెలో పదిమంది పెద్దలు తమ యూరి కష్టములను సభచేసి చెప్పుకొనదలచినను ఆ యుత్తరువు అడ్డుపడుచుండెను. అడిగినవారికి అనుమతి దొరకిన దొరకవచ్చును; దొరకనిచో ఏల యని నిలదీయు మార్గము లేదు. అధికారమునకు హద్దు లేనిచోట మంచి యధికారి యుండుట అదృష్టమే కాని స్వాతంత్ర్యము కాదు.

ఇట్టి నిర్బంధముల నడుమనే 1930 మార్చి నెలలో, నాటి మెదకు జిల్లాలోని జోగిపేటలో, నిజాము రాష్ట్ర ఆంధ్రమహాసభ తొలిసారి సమావేశమయ్యెను. సిద్దిపేట, నారాయణరావుపేటలును అప్పుడు ఆ జిల్లాలోనివే. రెడ్డిగారు ఆ సభకు అధ్యక్షత వహించిరి. సంపాదకీయములను ముందుగా చూపి యనుమతి పొందవలెనని సర్కారు నిర్బంధించినప్పుడు, వారు ఆ స్థానమున లోకమునందలి మేధావుల సూక్తులను ముద్రించిరి. నిషేధించుటకు వీలులేని మాటలతోనే నిషేధమును పరిహసించిరి.

తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపణకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను బదులిచ్చిరి. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికై, 1953 ఆగస్టు 25న దివంగతులైరి.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము, 19వ అధికరణమున, వాక్స్వాతంత్ర్యమును, నిరాయుధులై శాంతియుతముగా సమావేశమగు స్వాతంత్ర్యమును హక్కులుగ నిర్ణయించెను. ప్రభుత్వము వానిని పరిమితము చేయవచ్చును. కాని శాసనము ద్వారా, సహేతుకముగా మాత్రమే చేయవలెను. ఆ సహేతుకతను న్యాయస్థానము విచారింపగలదు. గస్తీ నిషాన్‌కును దీనికిని గల అంతర మిదియే.

ఇంకొక మాట. అదే రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. ఆంధ్రమహాసభయు వెట్టిని ఖండించియుండెను. సర్కారు హద్దులో నుండవలెనని కోరు భూస్వామి తన వాకిట పనిచేయువాని హక్కు నెదుట తానును హద్దులో నుండవలెను. రెడ్డిగారిని స్మరించువారు ఈ రెండవ పాఠమును మరువరాదని మా విన్నపము.