కాలు తీయకుండానే ప్రాణం నిలపొచ్చని చూపిన సర్జన్: జాన్ హంటర్

జంషెడ్‌పూర్‌లో ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు మారే వేళ రోడ్ల నిండా బైకులే. ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వచ్చి బిష్టుపూర్, కదమా ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ రద్దీ అలవాటే. బైక్ మీంచి పడి మోకాలు తప్పితే అందరి చూపూ ఎముక మీదే ఉంటుంది. అసలు ప్రమాదం ఒక్కోసారి ఎముక వెనుక ఉంటుంది. మోకాలి వెనుక గుంటలోంచి దిగే పాప్లిటియల్ ధమనే కింది కాలికి రక్తం అందించే ప్రధాన నాళం. అది తెగినా, నలిగి మూసుకుపోయినా కాలు దక్కుతుందా లేదా అన్నది కొన్ని గంటల్లో తేలిపోతుంది.

ఈ ధమని చికిత్స చరిత్రలో ముందుగా వినిపించే పేరు జాన్ హంటర్.

ఆయన 1728లో స్కాట్లండ్‌లో, గ్లాస్గో దగ్గరి లాంగ్ కాల్డర్‌వుడ్‌లో పుట్టారు. పది మంది సంతానంలో చివరివాడు. బడి చదువు అబ్బలేదు. 20 ఏళ్ల వయసులో లండన్ వెళ్లి, అన్న విలియం హంటర్ నడిపే శరీర నిర్మాణ పాఠశాలలో సహాయకుడిగా చేరారు. అక్కడ పాఠాలకు కావలసిన శవాల్లో చాలావాటిని సమాధులు తవ్వి దొంగతనంగా తెచ్చేవారు. హంటర్ నైపుణ్యం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి దాచకూడదు. పేదల శవాలకు కాపలా ఉండేది కాదు. ఆ జ్ఞానానికి మూల్యం చెల్లించింది ఎక్కువగా వాళ్లే.

ఏడేళ్ల యుద్ధంలో ఆయన సైనిక సర్జన్‌గా ఫ్రాన్స్ తీరంలోని బెల్ ఐల్‌లోనూ, పోర్చుగల్‌లోనూ పనిచేశారు. 1768లో లండన్ సెయింట్ జార్జ్ ఆస్పత్రిలో సర్జన్ అయ్యారు. మశూచి టీకాతో తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ జెన్నర్ ఆయన శిష్యుడే.

ఆ రోజుల్లో లండన్ గుర్రపుబండి తోలేవాళ్లలో మోకాలి వెనుక ధమని ఉబ్బిపోయే జబ్బు తరచూ కనిపించేది. దీన్నే ఎన్యూరిజం అంటారు. ఉబ్బు పగిలితే ప్రాణం పోయేది. సర్జన్లు ఆ సంచిని కోసి లోపలి నాళాన్ని కట్టేవారు. లేదంటే తొడ దగ్గరే కాలు తీసేసేవారు. మొదటి పద్ధతిలో రోగులు ఎక్కువగా చనిపోవడంతో, పేరున్న సర్జన్లు సైతం రెండోదే మేలనుకునేవారు.

1785 డిసెంబర్‌లో 45 ఏళ్ల బండి తోలే వ్యక్తి విషయంలో హంటర్ మరో దారి ఎంచుకున్నారు. జబ్బు పడిన చోటును ముట్టుకోలేదు. పైన తొడలో, ధమని ఆరోగ్యంగా ఉన్న చోట దాన్ని కట్టేశారు. ఉబ్బులోకి రక్తం ఒత్తిడి తగ్గింది. పక్కనున్న చిన్న నాళాలు ప్రధాన నాళం పని అందుకున్నాయి. కాలు నిలిచింది. ఆ రోగి ఏడాదికి పైగా బతికి జ్వరంతో చనిపోయాక, ఆ కాలిని పరీక్షించి ఫలితాన్ని నిర్ధారించారు. తొడలో ఆయన నాళాన్ని కట్టిన చోటును ఇప్పటికీ హంటర్ కెనాల్ అనే పిలుస్తారు.

ఈ విజయంలో ఒక కిటుకు ఉంది. ఉబ్బు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి పక్కదారులు ఏర్పడటానికి వ్యవధి దొరుకుతుంది. హఠాత్తుగా తగిలిన గాయంలో ఆ వ్యవధి ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో పాప్లిటియల్ ధమని గాయపడిన అమెరికా సైనికుల్లో దాదాపు 73 శాతం మంది కాలు పోగొట్టుకున్నారు. అప్పటికి నాళాన్ని కట్టేయడమే రివాజు. కొరియా, వియత్నాం యుద్ధాల నాటికి తెగిన నాళాన్ని కుట్టడం, సిర ముక్కతో అతకడం మొదలయ్యాక ఆ నష్టం మూడో వంతుకు దిగింది.

హంటర్ మాత్రం 1793 అక్టోబర్ 16న సెయింట్ జార్జ్ ఆస్పత్రిలోనే, ఒక సమావేశంలో వాగ్వాదం మధ్య గుండెపోటుతో కుప్పకూలి చనిపోయారు. ఆయన సేకరించిన సుమారు 14 వేల నమూనాలను ప్రభుత్వం 1799లో కొన్నది. వాటిలో చార్లెస్ బర్న్ అనే ఐరిష్ యువకుడి అస్థిపంజరం ఒకటి. తన శరీరం సర్జన్ల చేతికి చిక్కకూడదని, సముద్రంలో వదిలేయాలని బర్న్ కోరుకున్నాడు. అయినా హంటర్ దాన్ని సంపాదించారు. 2023లో లండన్ హంటేరియన్ మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు ఆ అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తప్పించారు. రెండు శతాబ్దాలకు పైగా ఆలస్యమైన మర్యాద అది.

హంటర్ జీవితం నుంచి ఇప్పటి రోగికి పనికొచ్చే పాఠం ఒకటుంది. కాలి భవిష్యత్తును తేల్చేది రక్తప్రవాహం, దానికి దొరికే సమయం. తప్పిన మోకాలు ఒక్కోసారి దానంతట అదే సర్దుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముక మామూలుగానే కనిపిస్తుంది. లోపల ధమని మాత్రం చిరిగి ఉండొచ్చు. పాదం చల్లబడటం, పాలిపోవడం, తిమ్మిరెక్కడం, నాడి అందకపోవడం ప్రమాద సూచనలు. నాడి అందినంత మాత్రాన నిశ్చింత కాదు. చీలమండ దగ్గరి రక్తపోటు చేతి రక్తపోటులో 0.9 వంతు కన్నా తక్కువగా ఉంటే సీటీ యాంజియోగ్రామ్ తీయించాల్సిందే. రక్తం ఆగిన కాలికి మిగిలే వ్యవధి దాదాపు ఆరు గంటలు. రాంచీ ఇక్కడికి దాదాపు 130 కిలోమీటర్లు. అందుకే మొదట చేరిన ఆస్పత్రిలోనే రక్తనాళం పరీక్ష జరిగిందా అని అడగాలి, రక్తనాళాల సర్జన్ ఎక్కడున్నారో అప్పుడే కనుక్కోవాలి. ఆ ప్రశ్న వేయడానికి డాక్టరే కానక్కర్లేదు. వెంట వెళ్లిన అన్నో వదినో వేసినా చాలు.