భక్త రామదాసు

పదునేడవ శతాబ్దమున, ఖమ్మము సీమలోని నేలకొండపల్లి గ్రామమందు, లింగన్న, కామాంబ దంపతులకు కంచర్ల గోపన్న జన్మించెను. అక్కన్న, మాదన్న లీతని మేనమామలు. 1672లో గోలకొండ సింహాసన మెక్కిన అబుల్ హసన్ కుతుబ్‌షా, అనగా లోకము తానీషా యని పిలుచు ప్రభువు, వారికి మంత్రిపదవుల నొసగెను. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను.

శిస్తు వసూలు చేసి ఖజానాకు బంపుట యాతని విధి. కాని గోదావరీతీరమున, భద్రగిరిపై, తగిన నీడలేక యున్న శ్రీరాముని జూచి యాతని మనస్సు కరగెను. వసూలైన సొమ్ముతో కోవెల కట్టించెను; దేవతలకు నగలు చేయించెను. వ్యయము పుణ్యకార్యమునకే గాని, హుకుము లేని వ్యయమును సర్కారు లెక్క యొప్పుకొనదు. బాకీ యారులక్షలనియు, ఆ బాకీకై గోపన్న గోలకొండ కోటలో పండ్రెండేండ్లు చెరయనుభవించెననియు ప్రతీతి.

ఆ చెరలో పుట్టినదని చెప్పబడు కీర్తనయే ఇక్ష్వాకు కులతిలకుని పిలుచుచు మొదలగునది. అదియొక విచిత్రమైన లెక్క. భరతునికి పచ్చల పతకము, శత్రుఘ్నునికి బంగారు మొలత్రాడు, సీతమ్మకు చింతాకు పతకము, రామునికి కలికితురాయి. వానిలో కొన్నిటికి పట్టిన వేలకొలది వరహాలును, మొహరీలును అందు చెప్పబడినవి. ఇంటిల్లిపాదికిని పెట్టి యలసిన పెద్ద కొడుకువలె, గోపన్న రాముని నిలదీసెను. ఈ నగలు తండ్రి దశరథుడు పెట్టినవా, మామ జనకుడు పంపినవా యని యెత్తిపొడిచెను. అంతటితో నాగక, తిట్టితినని నొచ్చుకొనవద్దనియు, దెబ్బల కోర్వలేక నోరుజారితిననియు వేడుకొనెను. పరాయివానితో నింత చనువుండదు. పరాయివానిని తిట్టి యింతగా నొచ్చుకొనుటయు నుండదు. ఆ పాట జనుల నోట నిలిచినది యీ పశ్చాత్తాపము వలననే. తల్లి సీతమ్మతో చెప్పించుకొన్న మొర కూడ ఈ మనసునుండి వెడలినదే.

రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో వచ్చి బాకీ తీర్చి యాతని విడిపించిరని పెద్దలు చెప్పుదురు. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. చెరవేయించిన తానీషాయు దౌలతాబాదు కోటలో బందీగనే కన్నుమూసెను. రాజ్యము పోయెను, ఖజానా పోయెను. దాశరథీ శతకమును, కీర్తనలును మిగిలెను. త్యాగరాజస్వామి రామదాసును భక్తితో స్మరించెను. చిత్తూరు పేరును తన పేరునకు ముందుంచుకొన్న నాగయ్య 1964లో ఆతని చరిత్రను చలనచిత్రముగా నిర్మించి, దర్శకత్వము వహించి, రామదాసు వేషము తానే ధరించెను.

ఇంట నొక మాట తూలినవాడు, ఆ మాట వెంటనే క్షమాపణ చెప్పుకొనుట యెట్లో యీ కీర్తన నేర్పును. భజనమందిరమున నది పాడునప్పుడు, చివరి చరణములను విడిచిపెట్టరాదు.