కలాంబా కౌలుదారు కుమారుడు

ఫిలిప్పీను దేశీయులు జాతీయవీరునిగా కొనియాడు హోసే రిజాలు కవియనియు, నవలాకారుడనియు లోకమెరుగును. ఆయన కౌలుదారు కుమారుడగుట మాకు ముఖ్యముగా దోచుచున్నది.

1861లో ఆయన జన్మించిన కలాంబాలోని భూములు డొమినికను సన్యాసుల మఠమునకు చెందినవి. కౌలు హెచ్చింపులనగా నేమో మన పాఠకులకు వేరుగ జెప్పనక్కరలేదు. రిజాలు ఐరోపాలో నేత్రవైద్యమభ్యసించి, 1887లో బెర్లినునందు తొలి నవలను ప్రకటించి, సన్యాసుల దౌష్ట్యమును బయలుపెట్టెను. ఆ యేడే స్వగ్రామము చేరి, రైతుల కష్టములను ప్రభుత్వమునకు నివేదించుటలో తోడ్పడెను. ఫలితమేమి? 1890-91లో సైనికులు వచ్చి రైతుల నిండ్లనుండి వెడలగొట్టిరి. అందు రిజాలు కుటుంబమును గలదు.

1892లో ఆయనను దపితానునకు ప్రవాసము పంపిరి. అచ్చట నాలుగేండ్లు కండ్లకు చికిత్స చేయుచు, బాలురకు చదువు చెప్పుచు, ఊరికి మంచినీటి వసతి కల్పించెను. సాయుధ విప్లవము నాయన యామోదింపలేదు. అయినను 1896 డిసెంబరు 30న మనీలాలో కాల్చి చంపిరి.

స్పెయిను తొలగినది. మఠభూములను అమెరికా ప్రభుత్వము కొన్నను, వానిలో పెక్కు ధనికుల పాలాయెను. 1988లో భూసంస్కరణ శాసనమునకు సమ్మతించిన అధ్యక్షురాలు కొరజోను అకీనో పుట్టినింటివారి చెరకుతోటలలోనే కూలీలకు భూమికి మారుగా వాటాపత్రములిచ్చిరి. భూమినే పంచవలెనని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పవలసి వచ్చినది.